బోరు కేబులుతో నడిచిన బండి

మొన్న వంటింట్లో మిక్సీ వైరు కాలింది. ప్లాస్టిక్ కమిలిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే, స్విచ్ తీయడానికంటే ముందు ఓబులేసు మామను తిట్టుకున్నాను. మనిషి పోయి కొన్నేళ్లయింది. అయినా వైరు కాలిన వాసన వస్తే నాకు మొదట వచ్చేది ఆయన మీద కోపమే. ఆయన్ను ఎరగని వాళ్లకు ఇది అన్యాయంగా కనిపించవచ్చు. ఎరిగిన వాళ్లయితే పాపం అంటూ నా మీదే జాలిపడతారు.

కళ్యాణదుర్గం పక్కన మా తోటకు ఆనుకునే ఆయన తోట ఉండేది. రెండింటిలోనూ చీనీ చెట్లే, అంటే బత్తాయి. బోర్లు ఎండిపోయిన కరువులో ముందు ఆయన చెట్లు పోయాయి. అన్నీ కొట్టించి కట్టెలకు ఇచ్చేశాడు. ఇక మిగిలింది ఒక పాత పికప్ బండి. దాని వెనక ట్యాంకు కట్టి, గుట్ట కింది బావి నుంచి మా చెట్లకు నీళ్లు తోలేవాడు. మా ఆయన గుంతకల్లులో రైల్వే పనిలో ఉండి సెలవుకు మాత్రమే వచ్చేవాడు కాబట్టి తోట భారమంతా నాదే. ఆ బండికేమో గుట్ట ఎక్కే సత్తువ లేదు. ట్యాంకు నిండా పోస్తే సగం దారిలో నిలబడి దగ్గేది. సగం ట్యాంకు తెస్తే చెట్ల మొదళ్లు పైపైన తడిసేవి, అంతే. పిందెలు రాలిపోయాయి, ఇక చెట్లే పోయేలా ఉన్నాయి. ఇంజను మార్చక తప్పదని మామా నేనూ అనుకున్నాం.

ఇంజను పని తొందరగానే అయింది. తుక్కుకు పోయిన జీపులోంచి పెద్ద ఇంజను ఒకటి తెప్పించాడు. టౌను మెకానిక్ దాన్ని బిగించి, దీనికి పాత వైరింగు ఆగదు, కొత్తది వేయించుకోండని చెప్పి పోయాడు. అక్కడ మొదలైంది నా ఖర్మ. ఎండిన బోర్లలోంచి పైకి లాగిన మోటరు కేబులు మామ పాకలో చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

"పాతాళంలో మోటరును తిప్పిన కేబులమ్మా ఇది. బండికి చాలదా?" అన్నాడు.

ఆ మొండి కేబులు వంచితే వంగదు, వంగితే నిలవదు. ఎలాగో లైట్లు వెలిగించాడు. అంతటితో ఆగాడా? హారను మోత చాల్లేదని మళ్లీ అంతా విప్పాడు. హారను కుదిరాక, లోపల దేవుడి పటానికి చిన్న బల్బు కావాలన్నాడు. రోజూ పొద్దున్నే వెళ్లి ఆయన ముందు నిలబడేదాన్ని. ఎప్పుడైతుందని అడిగితే అయితాదిలే అనేవాడు. అక్కడ నా చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతుంటే, ఇక్కడ ఈయన తాపీగా దేవుడికి దీపం పెడుతున్నాడు.

ఎట్టకేలకు నిండు ట్యాంకుతో బయల్దేరాం. నిజం చెప్పాలి, ఆ ఇంజను గుట్టను లెక్కే చేయలేదు. మామ నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. తోట గేటు కనబడుతుండగా కాళ్ల దగ్గర నుంచి పొగ లేచింది. ఎప్పుడూ చల్లటి నీళ్లలో ఉండే కేబులు అది. కాలే ఇంజనుకు ఆనించి లాగితే తొడుగు కరగక ఏం చేస్తుంది? ఆయన దూకి బ్యాటరీ వైరు పీకేశాడు. బండి అక్కడే నిలిచిపోయింది.

"నా చెట్లు సస్తాండాయి మామా. నీకు హారను కావల్సొచ్చిందా?" అన్నాను, గొంతు పగిలేలా. ఆ మాట తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆయన బండిలో ఉన్న బిందెలు దించి, ట్యాంకు కొళాయి కింద నింపుకుని, మోకాళ్ల నొప్పితో కుంటుతూ తోటలోకి నడిచాడు. కోపంతోనే నేనూ ఒక బిందె ఎత్తుకున్నాను. పొద్దు వాలేదాకా మోశాం. ట్యాంకు ఖాళీ అయ్యాక ఆయన గట్టు మీద కూలబడి, నా ముఖం చూడకుండా అన్నాడు.

"వేడికి ఆగదని తెలీక గాదమ్మా. చెట్లు కొట్టించినప్పుడు గూడా ఆ కేబులు అమ్మబుద్ధి గాలే. నీళ్లు తెచ్చిన కేబులు గదా. దాంతోనే ఇంగొకసారి నీళ్లు రావల్లని ఆశ."

నా కోపం తగ్గలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. మర్నాడు తనే మెకానిక్‌ను పిలుచుకొచ్చి అందరి బండ్లకూ ఉండే వైరింగే వేయించాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇకమీదట నువ్వే తోలు, నా చేతికిస్తే మళ్లా ఏదో ఒకటి తగిలిస్తా అన్నాడు. పక్కన కూర్చుని, నేను గేరు మార్చినప్పుడల్లా సణుగుతూ బండి నేర్పాడు. కొన్ని చెట్లు పోయాయి, చాలావరకు బతికాయి.

తడపడానికి సొంత చెట్టు ఒక్కటీ లేని మనిషి ఆ వేసవంతా నా పక్కన కూర్చున్నాడన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఇప్పుడు ఎండలు ముదిరితే చుట్టుపక్కల తోటలవాళ్లు మా గడప ముందుకొచ్చి నిలబడతారు, చెట్లు ఎండుతాండాయక్కా అంటూ. నాకు నా పనులు బోలెడుంటాయి. మా ఆయన వద్దని విసుక్కుంటాడు. నేను ముందు ఓబులేసు మామను నోరారా తిట్టుకుంటాను. ఆ తర్వాత బండి తీస్తాను.