తొమ్మిదో మేకు

దయ్యాలు లేవు అనే పక్షాన నేను కళాశాలలో మూడుసార్లు వాదించాను. మూడుసార్లూ గెలిచాను. ఆ కప్పులు అమలాపురంలో మా ఇంటి అలమారాలో ఇప్పటికీ ఉన్నాయి. ఆనాడు అన్న ఒక్క వాక్యాన్నీ నేను ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు. కింద రాసినది చదివి నేను పక్షం మార్చానని ఎవరూ అనుకోవద్దు. జరిగినదాన్ని జరిగిన వరసలో, తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు రాస్తున్నాను. అంతే.

మా మేనత్త కొడుకు శ్రీను నాకంటే ఆరేళ్ళు పెద్ద. బస్టాండు వెనక మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు అతనిది. ఆదివారాలు తెల్లవారగానే ఏటిగట్టు మీద కుర్రవాళ్ళు బండ్లతో పోటీలు పెట్టుకునేవారు. అందులో శ్రీను ముందు ఎవరూ నిలిచేవారు కాదు.

ఆ పోటీలు నాకు నచ్చేవి కావు. గట్టు మీద గడ్డిమోపులు ఎత్తుకుని నడిచే ఆడవాళ్ళుంటారు, బంధువుల ఇళ్ళకు సైకిళ్ళ మీద వెళ్ళే ముసలివాళ్ళుంటారు. వాళ్ళెవరూ నీ పోటీకి ఒప్పుకోలేదు కదా అని అతనితో చాలాసార్లు వాదించాను.

"సరేనండి ప్లీడరుగారూ, ఎవరూ నడవని రోడ్డేదో తమరే చూపించండి" అన్నాడొకసారి.

చూపించాను. పొరుగు రాష్ట్రంలో ఒక రేసు ట్రాక్ మీద కొత్తవాళ్ళకు పోటీ పెడుతున్నారని పత్రికలో ప్రకటన వచ్చింది. మొదటి ఐదు స్థానాల్లో వచ్చినవారిని ఒక జట్టు తీసుకుంటుందని అందులో ఉంది. వయసు పరిమితి ప్రకారం శ్రీనుకు అది ఆఖరి సంవత్సరం. ఈసారి తప్పితే ఇక జన్మంతా ఆ షెడ్డే. దరఖాస్తు నేనే నింపాను. ఇది 2001 వేసవి నాటి మాట.

చిక్కేమిటంటే ఆ ట్రాక్ మాలో ఎవరూ చూడలేదు. మా చుట్టుపక్కల దాని పేరు విన్నవాళ్ళే అరుదు. కాకినాడలో ఒకాయన నాలుగేళ్ళ క్రితం అక్కడ బండి తోలాడని తెలిసి, వెళ్ళి కలిశాం. ఆయన జ్ఞాపకం మీద పటం గీసి, మలుపుల కొలతలు పక్కన వేసి ఇచ్చాడు.

"తిన్నటి దారి తరవాతొచ్చే మూడు మలుపులే కష్టమండి. అవొస్తే ట్రాకంతా వచ్చినట్టే" అన్నాడు.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలైపోయి కాలవలు కట్టేసిన రోజులవి. ఐ.పోలవరం వైపు మా అత్తకు రెండెకరాల చేను ఉంది. ఎండకు నేల రాయిలా బిగిసింది. మొత్తం ట్రాక్ అందులో పట్టదు గాని, ఆ మూడు మలుపులూ అసలు కొలతలతోనే పట్టాయి. మా మావయ్య బతికున్న రోజుల్లో సర్వేయరు దగ్గర గొలుసు పట్టే పని చేసేవారు. ఆ కొలత గొలుసు అత్త ఇంటి వసారాలో కొక్కేనికి వేలాడుతూ ఉండేది. దానితోనే కొలిచి, సరుగుడు కర్రతో చేసిన పన్నెండు మేకులు పాతి, తలలకు సున్నం పూశాం. మేకు నుంచి మేకుకు ఊక చల్లి ట్రాక్ అంచులు గీశాం. దారిన పోయే రైతులు ఆగి, "చేపల చెరువు తవ్వుతున్నారాండీ?" అని అడిగి వెళ్ళేవారు.

పొలంలో ట్రాక్ మీది వేగం రాదని మాకు తెలుసు. మేము నేర్పదలచింది చేతికి. ఎక్కడ బ్రేకు నొక్కాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ ఎక్సలేటరు తిప్పాలి అన్నది ఆలోచన లేకుండా జరిగిపోవాలి. శ్రీను రోజుకు నూరు చుట్లు తిరిగేవాడు. నేను మలుపు దగ్గర నిలబడి పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

ఇక్కడ ఒక్క విషయం వివరంగా చెప్పాలి. పటం ప్రకారం మూడో మలుపు సగం దాటాక విప్పారుతుంది. అంటే సగం వరకు బండిని అణిచిపట్టి, అక్కడి నుంచి ఎక్సలేటరు తిప్పి వదలాలి. అప్పుడు బండి విసురుగా బయటి అంచుకు పోతుంది. ఆ బయటి అంచున ఉన్నదే తొమ్మిదో మేకు. దాని వెనక నాలుగు గజాల్లో పొరుగు చేనితో మాకున్న గట్టు.

ఐదో రోజు ఉదయం వెళ్ళేసరికి తొమ్మిదో మేకు పాతిన చోట లేదు. లోపలి వైపు జరిగి, నిటారుగా పాతి ఉంది. గొలుసుతో కొలిచాను. పదకొండు అడుగులు. పాత గుంట పూడ్చి ఉంది. మేకు ఆ కొత్త చోట ఉంటే మలుపు విప్పారదు. చివరిదాకా ముడుచుకుంటూనే పోతుంది.

మా ప్రాంతంలో పొలంలో పాతినది జరిగితే ఎవరికైనా మొదట తట్టేది గట్టు తగాదా. పొరుగు రైతు సత్తిరాజుగారికీ మా మావయ్యకూ ఆ గట్టు విషయంలో పాత పేచీ ఉంది. మేము కొలతలు వేసి మేకులు పాతడం చూసి, సరిహద్దు మారుస్తున్నామని ఆయన అనుకుని ఉంటారని నేను తీర్మానించుకున్నాను. మేకు పీకి, పటం ప్రకారం మొదటి చోటే పాతాను.

రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే మేకు, అదే చోట. అంగుళం తేడా లేదు. మళ్ళీ వెనక్కి పాతాను. ఈసారి ఆ రెండు చోట్లూ కలిసేలా, చుట్టూ రెండేసి గజాల మేర పొయ్యిబూడిద మందంగా జల్లాను. పిల్లి నడిచినా గుర్తు పడాలి.

ఆ సాయంత్రం అత్తకు సంగతి చెప్పాం. ఆమె గొలుసును కొక్కేనికి తగిలిస్తూ, "ఎవరు పెట్టేరో గానీ, పోనీ అక్కడే ఉండనియ్యండిరా. మీ మావయ్య పాతిన రాయి మళ్ళీ కొలవక్కర్లేదనేవోరు ఊళ్ళో" అంది.

"మావయ్య ఇప్పుడు లేరు కదత్తా."

"ఆ సంగతి నాకు తెలీదేంట్రా" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సత్తిరాజుగారు కాలవ వెంట పోతుంటే పంపుషెడ్డు నీడలోకి పిలిచాను. వెనకాల నింద వేయడం నా పద్ధతి కాదు. ముఖాముఖీ అడిగాను.

"మా మేకు మీరేమన్నా జరిపేరాండీ?"

"ఏ మేకు బాబూ?"

"గట్టు పక్కదండి. రెండుసార్లు జరిగింది."

"ఎటేపు జరిగింది?"

"లోపలికి. మా చేలోకి."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని శ్రీను వైపు తిరిగారు. "కాలేజీలో కప్పులు తెచ్చేది ఈ బాబేనా?"

"ఆయ్, వీడేనండి."

"గట్టు జరిపేవోడు తనేపు కలుపుకుంటాడు గానీ, ఎదుటోడి చేలోకి తోస్తాడా బాబూ? అలాటి పొరుగోడు ఎక్కడన్నా ఉంటే చెప్పు, నా చేను అమ్మేసి ఆడి పక్కన కొనుక్కుంటాను."

శ్రీను పడీపడీ నవ్వాడు. అంత చిన్న తర్కం నాకు తట్టనందుకు సిగ్గుపడి, క్షమించమని అడిగాను. ఆయన ఏమీ పట్టించుకోకుండా కూర్చుని మా క్యారేజీలోని మామిడికాయ పప్పు రుచి చూసి, పుల్లగా ఉందన్నారు. కూర్చునేటప్పుడు మేకు నేను పాతిన చోటే ఉంది. ముగ్గురం కాలవ వైపు తిరిగి ఉన్నాం. పావుగంటకు మించదు.

లేచి ముందు చేను వైపు తిరిగింది ఆయనే. చాలా నెమ్మదిగా, "మరిప్పుడెవరు జరిపేరంటావు బాబూ?" అన్నారు.

మేకు లోపల ఉంది. మిట్టమధ్యాహ్నం, నాలుగు వైపులా కోసేసిన చేలు, కనుచూపు మేరలో మనిషి లేడు, గొడ్డు లేదు. దగ్గరకు వెళ్ళాం. బూడిద మీద పొద్దుటి చక్రాల చారలే గాని ఒక్క అడుగు గుర్తు లేదు. అంతకంటే విచిత్రం మరొకటి చూశాను. పాత గుంట పూడి ఉంది. దాని పైన కూడా బూడిద పరుచుకుని ఉంది, నిన్న నేను జల్లినట్టే.

సత్తిరాజుగారు తువ్వాలు భుజాన వేసుకుని, మా చేలోంచి అడ్డంగా పోకుండా గట్టు చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళిపోయారు. నేను గొలుసు తీసి కొలిచాను. పదకొండు అడుగులు. గొలుసు లంకెల మధ్య తడి మట్టి కనిపించింది. పొలంలో తడి ఎక్కడా లేదు. కానీ అంతకుముందు లంకెల్ని పరిశీలించి ఉండలేదు కనక దాన్ని నేను సాక్ష్యంగా ఎంచను.

శ్రీను చాలాసేపు ఆ మేకు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఒరే, ఆ పటమే తప్పేమోరా. ఓ రెండ్రోజులు ఇలాగా తిరిగి చూస్తాను. పోయేదేముంది?"

అప్పుడు నేను చెప్పినది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పటం గీసింది ఆ ట్రాక్ చూసిన మనిషి. మేకు జరిపిందెవరో మనకి తెలీదు. తెలియనివాళ్ళ మాట పట్టుకుని తెలిసినవాళ్ళ మాట కొట్టేస్తే, రేపు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమన్నా పెట్టాలి బావా. పైగా చెయ్యి రెండు రకాలు నేర్చుకుంటే ఏదీ నేర్చుకోదు."

అతను నా ముఖంలోకి చూశాడు. "నీతో ఎవరు గెలుస్తారు గానీ, పాతు."

పాతాను. ఆ తర్వాత మిగిలిన పన్నెండు రోజుల్లో ఆ మేకు ఒక్కసారి కూడా జరగలేదు. దాన్ని కూడా నా గెలుపుగానే లెక్క వేసుకున్నాను.

రాజమండ్రి దాకా లారీలో, అక్కడి నుంచి రైల్లో బండితో సహా వెళ్ళాం. రైలు ఆలస్యమైంది. ముందురోజు సాయంత్రం పోటీదారుల్ని ట్రాక్ మీద నడిపించి చూపించారట. మేము చేరేసరికి అది అయిపోయింది. ఉదయం అభ్యాసపు చుట్లు మొదలయ్యాయి. మొదటి చుట్టు ఒక అధికారి వెనక అందరూ నెమ్మదిగా తిరగాలి. వెంట వచ్చినవాళ్ళం కంచె బయట ఎక్కడైనా నిలబడవచ్చు. నేను మూడో మలుపు దగ్గరికి వెళ్ళాను.

ఆ మలుపును అదే మొదటిసారి చూడటం. కానీ అది నాకు తెలుసు. పటంలో ఉన్నట్టు కాదు. మా అత్త చేలో మూడుసార్లు కనిపించిన ఆకారం అది. సగం దాటాక అది విప్పారలేదు. ముడుచుకుంది.

శ్రీను మొదటి చుట్టులో నెమ్మదిగా నా ముందు నుంచి వెళ్ళాడు. హెల్మెట్ అటు తిరగడం చూశాను. అతను గమనించాడని ధైర్యం తెచ్చుకున్నాను. అయినా రెండో చుట్టుకు తువ్వాలు విప్పి ఊపుతూ నిలబడ్డాను. అతను నన్ను చూసే స్థితిలో లేడు. సరిగ్గా మలుపు సగంలో అతని కుడి మణికట్టు తిరగడం నా కళ్ళతో చూశాను. ఆ తిరగడం నాకు బాగా తెలుసు. మా చేలో వెయ్యిసార్లకు పైగా చూసి, పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాను.

బండి బయటి అంచు దాటి టైర్ల గోడకు కొట్టుకుంది. బండికీ గోడకూ మధ్య అతని కుడికాలు ఉంది.

మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. తెలివి వచ్చాక మొదట అన్న మాట ఇది: "మొదటి చుట్టులోనే చూసేనురా, ముడుచుకుంటందని. కళ్ళకి తెలిసింది. చేతికే తెలీలేదు."

మూడో రోజు బండి తెచ్చుకోవడానికి వెళ్ళి, అనుమతి అడిగి, టేపుతో ఆ మలుపు కొలిచాను. పటంలోని బయటి అంచుకూ నిజమైన బయటి అంచుకూ తేడా పదకొండు అడుగులు. ఆ అంకె వేసిన కాగితం నా దగ్గర ఉంది.

తిరిగి వచ్చాక కాకినాడ ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కంట తడిపెట్టుకుని, "గుర్తున్నంతవరకు గీసేనండి. ఆ మూడోదే కొంచెం తేడాగా ఉన్నట్టనిపించింది, అప్పుడు చెప్పలేకపోయేను" అన్నాడు. ఆయన మా చేను ఎన్నడూ చూడలేదు. చూసినా, సరైన కొలత ఆయనకే తెలియదు. మా వైపు ఆ ట్రాక్ చూసినవారు మరొకరున్నారేమోనని ఏడాదిపాటు వాకబు చేశాను. దొరకలేదు.

అన్ని అవకాశాలనూ వరసగా పరీక్షించాను. పశువులైతే మేకును తన్నేస్తాయి గాని నిటారుగా పాతవు. ఆకతాయిలైతే మిగిలిన పదకొండు మేకుల్ని వదలరు. మూడోసారి సత్తిరాజుగారు, శ్రీను నా పక్కనే ఉన్నారు. అత్త ఊళ్ళో ఉంది. నాకు తెలియకుండా నేనే చేశానా అని కూడా ఆలోచించాను. నేను చేసినా, ఆ పదకొండు అడుగులు నాకెలా తెలుస్తాయి? ఎవరైనా దీన్ని విప్పి చెబితే నా కప్పులన్నీ వారికి ఇచ్చేస్తాను.

శ్రీను ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చుని షెడ్డు నడుపుతున్నాడు. నన్ను ఇప్పటికీ ప్లీడరుగారనే పిలుస్తాడు. ఆ మధ్యాహ్నం తను అడిగిన రెండు రోజుల గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. అత్త ఆ గొలుసుకు నూనె రాసి మళ్ళీ కొక్కేనికే తగిలిస్తుంది. నేను వెళ్ళినప్పుడు దాని వైపు చూడను.

దయ్యాలు ఉన్నాయనడానికి నా దగ్గర రుజువు లేదు. కనక లేవనే అంటాను. మేకు ఎవరు జరిపారో నాకు తెలియదు. మూడుసార్లూ దాన్ని వెనక్కి పాతింది మాత్రం నేనే.