ఆనందపురం కొండ దగ్గర రోడ్డు ఛాంపియన్

ఛాంపియన్ అనే మాట చూసి మోసపోయేవాళ్ళలో నేను మొదటి వరుసలో ఉంటాను. సైకిల్ రేసుల్లో పతకాలు కొట్టి రిటైరైన ఒకాయన విశాఖపట్నంలో కొండ సైకిల్ పోటీలకి కోచింగ్ ఇస్తున్నాడని పోస్టర్ చూసి, మా అమ్మాయి కీర్తనని ఆయన చేతిలో పెట్టాను. పోస్టర్లో పతకాలే తప్ప ఆయన మెడ కనపడలేదు. రెండు నెలలపాటు ఫోన్లో వీడియోలు పంపించి నేర్పాడు. ఆయన చెప్పినట్టే తొక్కి, రాజమండ్రి బయట గుట్ట దిగుతూ కీర్తన మూడుసార్లు పడింది. "అమ్మాయికి భయమండీ, అదొక్కటే లోపం" అని తేల్చేశాడు. నేను కూడా రోజూ అన్నం వడ్డిస్తూ అదే పాట పాడాను.

ఆదివారం విశాఖపట్నం పక్కన ఆనందపురం దగ్గర కొండ మీద రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ. ఆరుగురిని తీసుకుంటారు. "అందులో లేకపోతే సైకిల్ అమ్మేస్తానమ్మా" అంది కీర్తన. ఇరవై ఏళ్ళ పిల్ల, ఒకసారి అన్నదంటే చేస్తుంది.

శనివారం ఉదయం అయిదూ నలభైకి రైలు. సైకిల్ తీసుకెళ్ళేవాళ్ళు గంట ముందే స్టేషన్‌కి వెళ్ళండి. సామాన్ల పెట్టెలో, అదే బ్రేక్ వ్యాన్‌లో, వేయించడానికి మూడు కిటికీలు తిరగాలి, మూడో కిటికీ ఆయన మళ్ళీ మొదటి కిటికీకే పంపుతాడు. సామర్లకోటలో ఇడ్లీ కొన్నాం. చట్నీ పేరుతో తెల్లటి నీళ్ళు పోశారు. తునిలో ఎక్కిన ఒక పెద్దాయన కీర్తన హెల్మెట్ చూసి అడిగాడు.

"ఏటమ్మా, కొండ మీద సైకిల్ తొక్కుతావా? మాం కొండకెల్తే నడిసే ఎల్తాం. కాలు ఎక్కడెయ్యాలో సూసుకోకపోతే కొండ ఊరుకోదు."

పాపం, ఈయనకి ఆధునిక క్రీడల గురించి ఏం తెలుసులే అనుకుని నవ్వాను. ఆ నవ్వుకి మర్నాడు సిగ్గుపడ్డాను.

దువ్వాడ దగ్గర స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించాక కూడా రైలు అరగంట నిలబడింది. దిగేసరికి పది దాటింది. స్టేషన్ దగ్గరే ఏడువందలకి గది. సైకిల్ని చూసి లాడ్జి గుమస్తా "దీనికీ ఆధార్ కార్డుందా?" అన్నాడు. ఊరు మొత్తంలో ఆ రోజు నాకు దొరికిన ఒకే ఒక్క హాస్యం అది.

బ్రేక్ వ్యాన్‌లో ఎవరో పెట్టెలు వేసి ముందు చక్రం వంచేశారు. బాగుచేసేవాళ్ళు కంచరపాలెంలో ఉన్నారంటే ఆటోలో వెళ్ళాం. రైలు పట్టాల పక్కన చిన్న షాపు. యజమాని పేరు సింహాచలం. బక్కపలచటి మనిషి, మోచేతుల నిండా పాత దెబ్బలు. చక్రం సంగతి తర్వాత చూద్దామన్నట్టు ముందు టైరు బొటనవేలితో నొక్కాడు.

"ఎవులమ్మా ఈ గాలి కొట్టింది? రాయిలాగున్నాది."

ఛాంపియన్ గారి పేరు చెప్పాను, కాస్త గొప్పగానే. అతను నవ్వలేదు.

"ఆయన జట్టులోనే నానూ తొక్కినాను. తారు రోడ్డు మీద ఇదే గాలి కరెస్టు. మట్టి మీద ఇది ఎగురుతాది, పట్టదు. పాపకి భయం కాదమ్మా. సక్రం నిలబడకపోతే ఎవులైనా పడతారు. రోడ్డు మీద నేర్సుకున్నదంతా కొండ కింద వదిలీడానికి నాకు రెండేళ్ళు పట్టింది."

కీర్తన నా వైపు చూడలేదు. నేను గోడకున్న ట్యూబులు లెక్కపెట్టాను. సింహాచలం కూడా నలుగురు పిల్లలకి కోచింగ్ ఇస్తాడట. పోస్టర్ మాత్రం లేదు.

చక్రం సరిచేసి, టైర్లలో గాలి కొంత తీసేసి, "రేపు ఆరింటికల్లా ఒచ్చీయండి. ముందు నడవాల" అన్నాడు.

ఆదివారం తెల్లారగానే అతని ట్రాలీ ఆటోలోనే సైకిళ్ళతో కలిసి బయల్దేరాం. మేం వెళ్ళేసరికి కొండ కింద షామియానా, అందులో కుర్చీ, కుర్చీలో నల్లకళ్ళద్దాలతో ఛాంపియన్ గారు. సింహాచలం తన పిల్లల్నీ కీర్తననీ వెంటబెట్టుకుని దారంతా నడిపించడానికి కదిలాడు.

"మీరూ రండమ్మా, సూద్దురు గాని."

"ఈ చెప్పులతో నా వల్ల కాదు" అని నేను కుర్చీలో కూర్చున్నాను. టీ కూడా వచ్చింది మరి.

"రేసుల్లో నాకు పద్నాలుగేళ్ళు నీళ్ళ సీసాలు అందించాడండీ వాడు" అన్నాడు ఛాంపియన్ గారు, సింహాచలం వీపు చూపించి. "సైకిల్ తొక్కేవాడు దారంతా నడుస్తాడా? నామోషీ."

"మీరు ఈ కొండ చూశారా?"

"వీడియోలో చూశానండీ."

టీ గ్లాసు కింద పెట్టేశాను. నా బిడ్డ మోచేతి చర్మం ఈ వీడియో జ్ఞానానికి ఖర్చయిపోయింది.

వాళ్ళు మూడుసార్లు ఎక్కి దిగారు. కీర్తన ఒక మలుపు దగ్గర కూర్చుని ఎర్రమట్టిని చేత్తో తడిమి చూడడం కింద నుంచి కనిపించింది. తొమ్మిదింటికి అందరూ వరసలో నిలబడ్డారు. ఛాంపియన్ గారు పంపు పట్టుకుని తన శిష్యుల టైర్లు నొక్కుకుంటూ వచ్చి కీర్తన దగ్గర ఆగాడు.

"ఇందులో గాలేదీ?"

పంపు పెట్టబోతే కీర్తన చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు సార్."

ఆయన నా వైపు చూశాడు. రెండు నెలలుగా ఆయన ప్రతి మాటకీ ఊగిన తల ఇది. ఈసారి కదల్లేదు.

కీర్తన తడిమి చూసిన మలుపు దగ్గరే ఆయన శిష్యులు ఇద్దరు ఎగిరి పడ్డారు. పెద్ద దెబ్బలు తగల్లేదు, దేవుడి దయ, కోచ్ దయ కాదు. కీర్తన అక్కడ వేగం తగ్గించి, లోపలి అంచు పట్టుకుని దిగింది. అయిదో స్థానం. నేను ఏడ్చాను, దాచడమెందుకు.

ఫోటోలకి మాత్రం ఛాంపియన్ గారు కుర్చీలోంచి ఎంత చురుగ్గా లేచాడో! సింహాచలాన్ని రమ్మంటే, "పాపకి నీలు తెస్తాను" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడున్నర రైలు. అనకాపల్లి దాటకముందే ఫోన్లో పోస్టర్ దిగింది. 'మా శిష్యురాలి విజయం' అని ఛాంపియన్ గారు, పక్కన కీర్తన. అంచున ఎవరినో కత్తిరించగా, కీర్తనకి నీళ్ళ సీసా అందిస్తున్న చెయ్యి ఒకటి మిగిలింది.

ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. కిటికీ పక్కన కీర్తన మోచేతి మీద మూడు మచ్చలు ఎండలో మెరుస్తున్నాయి. ఆ మూడుసార్లూ ఇంటికొచ్చిన పిల్లకి మందు రాస్తూ 'నీకు భయం' అన్నది ఆయన కాదు, నేను.

"తప్పు నాదే కీర్తనా" అన్నాను.

అది తల నా భుజానికి ఆనించింది. తుని దాటాక అడిగాను.

"వచ్చే పోటీకి రెండు రోజుల ముందే వద్దాం. నీ పాత బూట్లు నాకు సరిపోతాయంటావా?"