మూడడుగుల కింద

నలభై ఏళ్ళు ఆయన దుకాణాలకు బోర్డులు, వీధి గోడల మీద ప్రకటనలు రాశాడు. నేల మీద కన్నా నిచ్చెన మీదే ఎక్కువ కనిపించేవాడు కాబట్టి అందరూ నిచ్చెనయ్య అనేవారు. ఫ్లెక్సీలు వచ్చాక పిలుపులు తగ్గాయి. నాలుగు నెలలుగా ఒక్కటీ లేదు.

కూతురి ఇంట్లో సామాన్ల గదిని నాలుగేళ్ళ మనవరాలికి ఇద్దామనుకున్నారు. గోడ బొమ్మలకూ అరలకూ బల్లకూ కలిపి అంగడివాడు చెప్పిన ధర విని, కూతురు వాడిచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

"నేను చేస్తాలే," అన్నాడు నిచ్చెనయ్య. "డబ్బాల అడుగున రంగులున్నాయి. పాత తలుపు కోస్తే బల్ల. పండ్ల పెట్టెలు గోడకు కొడితే అరలు."

"అది పిల్ల గది నాన్నా. కొట్టులా ఉండకూడదు."

"ఉండదు."

"మేడ మీది అక్క చూస్తానంది. నచ్చితే వాళ్ళ పిల్లల గదీ నీకే ఇస్తుందట. ఆవిడకు నచ్చిందంటే ఈ వీధికంతా నచ్చినట్టే."

ఆయన విననట్టే ఉన్నాడు. ఇంటికి వెళ్ళి కుంచెలన్నీ రెండుసార్లు కడిగాడు.

రెండు రోజులు ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు. మూడో రోజు తలుపు తీశాడు. గోడల మీద ఏనుగులు రైలెక్కి పోతున్నాయి. ఒక్కొక్కటీ గంగాళమంత. వీధి చివర నుంచి చూసినా ఏనుగేనని తెలుస్తుంది. కూతురి మొహం విప్పారింది.

పిల్ల లోపలికి వచ్చి గోడ దగ్గర నిలబడింది. ఎదురుగా చూసింది. పక్కకు నడిచి మళ్ళీ చూసింది.

"బొమ్మలేవి తాతా?"

"పైకి చూడు."

"అవి అమ్మకి. మరి నాకేవి?"

నిచ్చెనయ్య అప్పుడు చూశాడు. వీధి గోడకు కింద మూడడుగులు వదిలెయ్యాలని గురువు మొదటి రోజే చెప్పాడు. అక్కడ సైకిళ్ళు ఆనిస్తారు, బురద చిమ్ముతుంది, కుక్కలు చేసే పని చేస్తాయి. అందుకే సుద్ద పూసిన దారంతో మూడడుగుల దగ్గర గీత కొట్టాకే కుంచె ముట్టాలి. ఇక్కడా చెయ్యి తన అలవాటు తాను చూసుకుంది. గది చుట్టూ గీత, గీతకు పైన లోకమంతా, కింద ఉత్త గోడ. పండ్ల పెట్టెలు సైతం ఆయన ఛాతీ ఎత్తున ఉన్నాయి. పిల్ల మడమలెత్తినా మూడడుగుల చిల్లర.

"నేల విడిచి సాము చేశావు నాన్నా," అంది కూతురు నవ్వాపుకుంటూ. "రేపు సాయంత్రమే అక్క వచ్చేది."

పెట్టెలు దించడం పది నిమిషాల పని. గోడతోనే చిక్కొచ్చింది. ఎక్కమంటే ఆయన కోతిలా ఎక్కుతాడు. గొంతుక్కూర్చోమంటే మోకాళ్ళు ఒప్పుకోవు. చివరికి దుప్పటి పరిచి, మోచేతి కింద దిండు పెట్టుకుని, జమీందారులా పక్కకు ఒరిగాడు. పిల్ల కూడా పక్కన అలాగే ఒరిగింది.

"ఏం వెయ్యమంటావు?"

"చీమ."

"ఎంతది?"

"చీమంతది."

జానెడుకు తక్కువ అక్షరం రాసి ఎరగడు. అంత సన్న కుంచె ఆయన దగ్గర లేదు. ఉన్నదాంట్లో ఒక్కొక్క వెంట్రుకే పీకి, మూడు మిగిల్చాడు. మొదటి చీమ ఈగలా వచ్చింది. రెండోది చీమలా వచ్చింది. ఆ పైన ఆగలేదు. దుప్పటి జరుపుకుంటూ, దిండు జరుపుకుంటూ, మర్నాడు మధ్యాహ్నానికి గది చుట్టి వచ్చాడు.

సాయంత్రం మేడ మీది ఆవిడ గుమ్మంలో నిలబడి ఏనుగుల్ని చూసింది.

"బాగానే ఉన్నాయి," అంది. బాగా లేదనడానికి మర్యాదస్తులు వాడే మాట అది. "ఇలాంటివి మా బంధువుల ఇంట్లోనూ చూశాం."

నిచ్చెనయ్య కుంచె తుడుస్తూ ఉండిపోయాడు.

"కూర్చో ఆంటీ," అంది పిల్ల. "నిలబడితే కనబడదు."

ఆవిడ మొహమాటానికి కూర్చుంది. కూర్చున్నాక కదల్లేదు. తర్వాత నేల మీదే కొంచెం జరిగింది, ఇంకొంచెం జరిగింది. ఒక చీమ బిస్కెట్టు ముక్క మోస్తోంది. ఒకటి గొడుగు పట్టుకుంది. ఒకటి ఇంకోదాన్ని వీపున ఎక్కించుకుంది.

"ఇదేమిటి, ఇది నడవట్లేదు?"

"దానికి మోకాళ్ళ నొప్పి," అంది పిల్ల.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా పిల్లలిద్దరికీ పడదండీ," అంది ఆవిడ, గోడ మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "వాడికి లారీలు కావాలి, దానికి పిల్లులు. ఎప్పుడు రాగలరు?"

"చూడాలమ్మా," అన్నాడు నిచ్చెనయ్య.

"రేపు," అంది కూతురు.

"రేపు పొద్దున," అన్నాడు నిచ్చెనయ్య.

ఆవిడ విన్నదో లేదో. తలుపు వెనక చీమలు ఎటు వెళ్ళాయో చూడ్డానికి వంగింది.