రికవరీ పెన్ డ్రైవ్

ఆయన పేరు నాకు తెలియదు. ఆయన కూతురి పేరు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

పామర్రులో బస్సెక్కి నా పక్కన కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ తెరిచాడు. మెడలో నల్లదారానికి, తాయెత్తు పక్కనే, ఒక పెన్ డ్రైవ్ వేలాడుతోంది.

“మీకు కంప్యూటర్ తెలుసా అండీ?” అని అడిగాడు.

కొంచెం తెలుసన్నాను.

“ఇది మా రేష్మాదండి. ఫోటోలకి చోటు చాలట్లేదని ఇందులో ఉన్న రికవరీ అంతా ఈ పెన్ డ్రైవ్‌లోకి మార్చింది. ఎప్పుడన్నా సిస్టం పాడైతే ఇది పెట్టు, బాగైపోద్ది అని నాతో చెప్పింది. మొన్న వానల్లో జ్వరమొచ్చి పోయిందండి పాప. నిన్న సిస్టం ఆగిపోతే తను చెప్పినట్టే పెట్టాను. ఇంగ్లీషులో ఏదేదో అడిగింది. అన్నిటికీ యెస్ కొట్టాను. బాగైందండి!”

ఆ రికవరీ కంప్యూటర్‌ని కొన్ననాడు ఎలా ఉందో అలా చేస్తుంది. తర్వాత దాచుకున్నవన్నీ తుడిచేసి మరీ చేస్తుంది.

“ఫోటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా?”

“లేవండి. అన్నీ ఇందులోనే.”

స్క్రీన్ నావైపు తిప్పాడు. వాడేవారి పేరు రాయమని ఒక ఖాళీ గడి ఉంది.

“పేరు అడుగుతోందండి. పాప పేరు కొడితే వచ్చేస్తాయి కదా?”

నేను ఏదో అనేలోపే కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఆయనకు బాగా వచ్చు.

స్వాగతం రేష్మా, అంది స్క్రీన్.

“వచ్చిందండీ,” అంటూ ఆ పేరు మీద వేలు పెట్టి నిమిరాడు. ఆ వేలి కిందే పేరు మాయమైంది. నీలం తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే మిగిలింది.