కిర్రుమనే తలుపు

పళ్ళ డాక్టరుగారు దేన్ని చూసినా నోరు తెరిపించి చూసినట్టే చూస్తారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళడానికి, నీటిబొట్టు ఆకారంలో, సరిగ్గా ఇద్దరు పడుకునేలా ఆయన చేయించుకున్న గూడుబండి మేస్త్రీ షెడ్డులో తయారై కూర్చుంది. ఆయన మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి, జేబులోంచి బుల్లి అద్దం తీసి మూలమూలకీ పెట్టి చూసి, రివెట్లను ఒక్కోదాన్నీ గోటితో టకటకలాడించి, "తలుపింకా కిర్రుమంటోందయ్యా" అని పెదవి విరుస్తారు. ఆపైన లోపల పరీక్ష చెయ్యాలంటూ దూరి తలుపేసుకుంటారు. కాసేపటికి ఆ పరీక్షలోంచి గురక వినిపిస్తుంది.

తలుపుకి నూనె పోసీ పోసీ విసిగిపోయిన మేస్త్రీ ఇవాళ ఏకంగా డాక్టరుగారి భార్యకే ఫోను చేశాడు. "బండి ఎప్పుడో అయిపోయిందమ్మా. మీరే వచ్చి ఇంటికి పట్టుకెళ్ళండి."

ఆవిడ వచ్చి లోపలికి తొంగిచూశారు. కొత్త దిండు నడుమ తలంత గుంట, గుంటలో తలనూనె మరక.

"ఇంటెడు గోలా నాకొదిలేసి, మీరిక్కడ హాయిగా పడుకుంటున్నారా?"

బండి పక్కనే నిలబడ్డ డాక్టరుగారు పిప్పిపన్ను దాచుకునే పిల్లాడిలా నోరు గట్టిగా మూసుకున్నారు. ఆవిడ చెప్పులు విప్పి, లోపలికెక్కి, ఎలా ఉందో చూద్దామని ఓసారి నడుం వాల్చి తలుపేసుకున్నారు. మేస్త్రీ తాళాలు పట్టుకుని బయటే నిలబడ్డాడు. చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుని, చెదిరిన జుట్టుతో ఆవిడ తల బయటికొచ్చింది.

"ఆయన చెప్పింది నిజమే మేస్త్రీగారూ. తలుపు కిర్రుమంటోంది. ఇంకో వారం ఇక్కడే ఉండనివ్వండి."

తలుపు మళ్ళీ మూసుకుంది. ఇంత చప్పుడు కూడా చెయ్యలేదు.