రెండు గదులకు ఒక్క బల్బు

మా చిన్నప్పుడు... ఇంట్లో రెండు గదులకు కలిపి ఒకే బల్బు ఉండేది. వంటగదికీ, మేం పడుకునే గదికీ మధ్య మట్టిగోడ. నాన్న గడ్డపారతో ఆ గోడకు తలకు కాస్త పైన ఒక కంత చేసి, బల్బును అందులో వేలాడదీశాడు. అటు సగం వెలుగు... ఇటు సగం.

చండ్రుగొండ దగ్గర అడవి అంచున మా పల్లె. ఇంటి వెనక నాలుగు మళ్లు, అవి దాటితే టేకు చెట్లు. ఎండలు ముదిరితే అమ్మ వంటగదిలో కూర్చుని తునికాకు కట్టలు కట్టేది. బీడీలకు పోయే ఆకు. గోడకు ఇటువైపు చాప మీద నేనూ, చెల్లెలు కమలా పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లం... అవి పరీక్షల రోజులు.

బల్బు తీగ కాస్త వదులుగా ఉండేది. అమ్మ అటు లాక్కుంటే మాకు చీకటి. నేను పుల్లతో ఇటు జరిపితే అమ్మకు చీకటి.

"సదివే సప్పుడే లేదు... గింత వెలుగెందుకురా నీకు?" అనేది అమ్మ అవతలి నుంచి.

"మనసుల సదువుతున్ననే."

"మనసులకు బల్బెందుకు? ఇటు జరుపు."

కమల నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేది.

స్విచ్ అమ్మ వైపు ఉండేది. పని అయ్యాక గోడ అవతలి నుంచే అడిగేది... "పండుకున్నరా?"

"పండుకున్నం," అనేది కమల.

"పండుకున్నోళ్లు మాట్లాడ్తరా?"

టక్కుమని చీకటి. ఆ ఇంట్లో నేను నా చేత్తో లైటు ఆర్పిన గుర్తు లేదు.

చదువైంది... ఉద్యోగం వచ్చింది... పెళ్లయి వైరాలో కాపురం పెట్టాం. మా పడకగదిలో ట్యూబులైటు. నా భార్య సుజాత టీచరు. భోజనాలయ్యాక మంచం మీదే పిల్లల నోటుపుస్తకాలు దిద్దేది. వెలుగు సరిగ్గా నా కంట్లో పడేది. గోడవైపు తిరిగి, "ఇంకెన్ని?" అనేవాణ్ణి.

"నాలుగే," అనేది. ఎప్పుడడిగినా నాలుగే.

చివరికి నా సణుగుడు పడలేక, ఖమ్మం వెళ్లినప్పుడు రెండు గోడ దీపాలు కొనుక్కొచ్చింది. మంచానికి అటొకటి, ఇటొకటి. ఇత్తడి రంగు డిప్పలు... వెలుగు కిందికే పడుతుంది.

"ఇగ మీ కండ్లల్ల పడదు. నన్ను తిట్టకుండ పండుకోండ్రి," అంది.

అవి బిగించేలోపే ఆమెకు జబ్బు బయటపడింది. తర్వాత అన్నీ దవాఖానాలే. దీపాల పెట్టె బీరువా మీదే ఉండిపోయింది. పోయిన వానాకాలంలో సుజాత పోయింది.

అప్పటినుంచి నేను హాల్లో దివాన్ మీద పడుకుంటున్నాను.

పోయిన వారం కారేపల్లి నుంచి కమల వచ్చింది. ఇల్లు ఊడుస్తూ బీరువా మీది పెట్టె చూసింది.

"వదిన కొన్నయి గదనే అన్నా? గిట్ల దుమ్ము పట్టనిస్తవా? ఎన్నొద్దులు హాల్ల పండుకుంటవు?" అంది. నా జవాబు కోసం చూడకుండా పక్క వీధి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసింది.

అతను వచ్చి గోడ కొలిచాడు. గదిని చూశాడు... నన్ను చూశాడు.

"ఒక్కరే గద సార్ ఉండేది. మంచం మధ్యలకు జరిపి ఒక్కటి కొడితే సరిపాయె. రెండోది వరండాల పెట్టుకోండ్రి... పనికొస్తది."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. కమల చేతిలో చీపురు ఆగింది.

వరండాలో పెడితే కనీసం వెలుగుతుందిలే అనిపించింది... ఒక్క నిమిషం. గోడ మీద అతను పెన్సిలుతో గీసిన గుర్తు చూస్తూ నిలబడ్డాను.

"రెండూ ఇక్కడే పెట్టు. మంచం జరపకు," అన్నాను.

"అవతలి దానికి స్విచ్ మీ దిక్కే ఇయ్యాల్నా సార్?"

"దానిది అటే ఉండనీ."

ఆ సాయంత్రం తొందరగా తిని, చాలా నెలల తర్వాత ఆ గదిలో పడుకున్నాను. మంచం చుట్టూ తిరిగి వెళ్లి సుజాత వైపు దీపం వేసి వచ్చాను. వెలుగు ఆమె దిండు మీద గుండ్రంగా పడింది. నా కంట్లో చుక్క కూడా పడలేదు. ఆమె సరిగ్గానే చూసి కొన్నది.

నిద్ర రాలేదు.

ఇన్నేళ్లూ నేను ట్యూబులైటు కంట్లో పడుతుండగానే నిద్రపోయాను. ఎర్ర పెన్ను కాగితం మీద గీసే చప్పుడు... పేజీ తిప్పే చప్పుడు... అవి వింటూ. ఆ సంగతి ఆమెకు ఒక్కసారీ చెప్పలేదు. "ఇంకెన్ని" అని మాత్రం రోజూ అడిగాను.

గోడ అవతల వంటింట్లో కమల గిన్నెలు సర్దుతోంది.

"అన్నా... పండుకున్నవా?"



"పండుకున్న."

అప్పట్లో అమ్మ దీనికి అనే మాట కోసం ఎదురుచూశాను. కమల ఆ మాట అనలేదు. గిన్నెల చప్పుడు ఆగింది... చాలాసేపటి వరకు మళ్లీ మొదలవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె కారేపల్లి బస్సెక్కింది.

ఇప్పుడు అందరి ఇళ్లలో గదికి నాలుగు లైట్లు. ఎవరి వెలుగు వాళ్లది, ఎవరి స్విచ్ వాళ్లది... ఇంకొకరిని అడగాల్సిన పని లేదు.

మీ ఇంట్లో చివరికి లైటు ఎవరు ఆర్పేవారు? ఆర్పేముందు ఏమని అడిగేవారు? గుర్తుంటే రాయండి... ఎంత పొద్దుపోయినా చదువుతాను. నా పక్కన, సుజాత వైపు దీపం వెలుగుతూనే ఉంటోంది.