సీసం మీద పెన్సిల్ గీత

ఇక్కడ కమ్మింగ్ ఊళ్లో మేము ఇల్లు కొన్న కొత్తలో, పొరపాటున మాకు వచ్చిన పార్సిల్ ఒకటి ఇవ్వడానికి ఎదురింటికి వెళ్లాను. అక్కడ ఉండే అంకుల్ గుంటూరు వైపు మనిషి, రిటైరైన ఇంజినీరు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. గ్యారేజీలో చిన్న ఎలక్ట్రిక్ కుండలో సీసం కరుగుతోంది. తన పాత రివాల్వర్‌కి కావలసిన బుల్లెట్లు ఆయనే పోతపోసుకుంటారట. చేతిలో మాత్రం బొమ్మలు వేసే పెన్సిళ్లు!

"సీసం మరీ మెత్తగా ఉంటే తుపాకీ గొట్టంలో అంటుకుపోతుందమ్మా. అందుకని తగరం, యాంటిమొనీ కలుపుతాను. ఎంత గట్టిపడిందో వీటితో టెస్ట్ చేస్తా."

మెత్తటి పెన్సిల్ ములుకు లోహం మీద జారిపోతుంది. ఇంకా గట్టిది, ఇంకా గట్టిది తీసుకుంటూ పోతే ఏదో ఒకటి గీరి సన్నటి పొట్టు లేపుతుంది. సీసం గట్టితనం ఆ పెన్సిల్‌ని బట్టి తెలుస్తుంది.

ఆయన చల్లారిన కడ్డీ మీద ఓ పెన్సిల్ నొక్కి తోసి, నా వైపు జరిపారు. "కాస్త చూసి చెప్పు. జారిందా, గీరిందా?"

"గీరింది అంకుల్."

"ష్యూరేనా?"

"ష్యూర్."

అప్పటినుంచి శనివారాలు కాఫీ పట్టుకుని అక్కడికే వెళ్లేదాన్ని. ఆయన తనంతట తాను గీతను ఎప్పుడూ చూడరని కొన్నాళ్లకు గమనించాను. చూపు మధ్యలో మసక కమ్మేసిందట.

"ఇదివరకు మీ ఆంటీ చూసేది," అన్నారొకసారి, ములుకును గరుకు కాగితం మీద రుద్దుతూ. "తుపాకులంటే చిరాకు ఆవిడకి. గీత మాత్రం కరెక్ట్‌గా చెప్పేది."

పోయినేడు డాక్టర్ డ్రైవింగ్ మానెయ్యమన్నారు. కూతురు వచ్చి ఆయన్ని తానుండే ఊరికి, శాన్ రామన్‌కి తీసుకెళ్లిపోయింది. రివాల్వర్, మిగిలిన బుల్లెట్లు ఇక్కడి స్నేహితుడికి ఇచ్చేసి వెళ్లారు. ఆ తర్వాత శనివారాలు నాకు ఎటూ తోచేది కాదు. కాఫీ ఇద్దరికి సరిపడా పెట్టి, సగం పారబోసేదాన్ని.

మొన్నామధ్య ఆ స్నేహితుడు రమ్మంటే షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, అంకుల్‌కి ఫోన్ కలిపాను. స్నేహితుడు రివాల్వర్ పేల్చిన చప్పుడు వినగానే, "నాదేనా?" అన్నారు.

"మీదే అంకుల్."

తర్వాత ఒక్కో పేలుడూ వింటూ ఉన్నారు. చివరికి స్నేహితుడు బుల్లెట్ల ఖాళీ డబ్బా ఎత్తి చూపించాడు.

"అయిపోయాయట అంకుల్."

"ఫోన్ పెట్టెయ్యకమ్మా," అన్నారు. "ఇంకాసేపు పక్కవాళ్లవి విందాం."